తప్పిన అప్పుకు శిలాఫలకం

టీవీలో దేశం అప్పు మీద చర్చ పెడతారు. కోటు వేసుకున్న ఒకాయన ఒక సంఖ్య చెబుతాడు, పక్కాయన అంతకంటే పెద్దది చెబుతాడు, యాంకరమ్మ ఇద్దరి మీదా అరుస్తుంది. చివరికి ముగ్గురూ ఢిల్లీ వైపో హైదరాబాద్ వైపో వేలు చూపిస్తారు. సంగారెడ్డిలో మా హాల్లో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ నేను ఇదంతా చూస్తుంటాను. "అది పుట్టే చోటు మీకేం తెలుసయ్యా, నన్నడగండి" అంటాను టీవీతో. మా ఆయన "మళ్ళ మొదలువెట్టింది" అని సౌండు పెంచుతాడు.

అప్పు ఊళ్ళో పుడుతుంది. పంచాయతీ ఆఫీసు ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో పుడుతుంది. సర్పంచ్ "కొత్తది కావాలె" అంటాడు. నా బోటి ఇంజనీరు అంచనా రాస్తుంది. పైన ఎవరో సరే అంటారు. ఇట్లాంటివి దేశమంతా కూడితే టీవీలో చెప్పే ఆ సంఖ్య తయారవుతుంది. నేను తాగునీటి శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను, ఎక్కువ కాలం పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కలే. పేరు అనసూయ. ఊళ్ళల్లో మాత్రం "నల్లాల మేడం" అంటేనే గుర్తుపడతారు.

ఈ మధ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి "మేడం, ఏదైనా చెప్పండి" అన్నారు. ప్రమోషన్ల సంగతి చెప్పను. అవి వస్తే వస్తాయి, లేకపోతే లేదు. నేను గెలిచిన ఒక పోరు గురించి చెబుతాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. చెప్పుకోదగ్గ గొప్పే అది.

పాతది ఏమైంది?

నా మొదటి పై అధికారి యాదగిరి సార్. బక్కపలచని మనిషి, పాత స్కూటరు, నోట్లో ఎప్పుడూ సోంపు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలల్లోనే ఒక ఊరికి కొత్త బోరు వేయాలని అంచనా పట్టుకెళ్ళాను. ఆయన కాగితం తిప్పి కూడా చూడలేదు.

"పాత బోరు ఏమైందమ్మా?" అన్నారు.

"ఎండిపోయిందంటున్నారు సార్."

"అంటున్నరు సరే. నువ్వు చూసినవా?"

స్కూటరు మీద ఎక్కించుకుని ఆ ఊరికి తీసుకెళ్ళారు. బోరు నిక్షేపంగా ఉంది. మోటారు కాలిపోయింది, అంతే. మరి ఊరంతా ఎండిపోయిందని ఎందుకు అంటున్నారు? ఆ బోరు ఓడిపోయిన సర్పంచ్ ఇంటి పక్కన ఉంది. గెలిచినాయనకు తన ఇంటి పక్కన ఒకటి కావాలి. తిరిగి వస్తూ యాదగిరి సార్ ఒకటే మాట చెప్పారు. "కొత్తది అడిగినప్పుడల్లా పాతదాని కాడికి పోయి చూడు. ఎండల పోవాలె, తిట్లు తినాలె. కానీ పో." ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య సగం ఇదే. మిగతా సగం నాయకులకు ఏం కావాలో తెలుసుకోవడం. అది తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఖర్చు పెట్టినవాళ్ళకే చప్పట్లు

మీకు రివ్యూ మీటింగులు ఎట్లా ఉంటాయో ఇంకా తెలియదు. ఇచ్చిన డబ్బులో ఎవరు ఎంత శాతం ఖర్చు చేశారో తెర మీద వేస్తారు. పూర్తిగా ఖర్చు చేసినవాళ్ళ పేరు పచ్చరంగులో, మిగిల్చినవాళ్ళ పేరు ఎర్రరంగులో. ఎర్రరంగువాళ్ళు లేచి నిలబడాలి. పైప్ మంచిదేసి పని తక్కువలో పూర్తిచేసి డబ్బు మిగిల్చినా అదే మర్యాద, నిద్రపోయి పని చేయకపోయినా అదే మర్యాద. మార్చి నెల వచ్చిందంటే ఈ రంగుల భయానికి అవసరం లేనివన్నీ కొంటారు. ఒక మార్చిలో మా ఆఫీసుకు వచ్చిన కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు నేను రిటైరయ్యే దాకా తీయలేదు. ఇంత తెలివితక్కువ లెక్క కిరాణా కొట్టువాడు కూడా పెట్టడు.

కొట్టు లెక్కల సంగతి ఊరికే అనడం లేదు. మా నాన్నది సంగారెడ్డి గంజి మార్కెట్‌లో ధాన్యం దుకాణం. ప్రతి సీజనుకు అప్పు తెచ్చేవాడు, సరుకు కొనేవాడు, అమ్మి తీర్చేవాడు. అప్పంటే ఆయనకు భయమూ లేదు, సిగ్గూ లేదు. ఒకసారి భోజనం దగ్గర నేను మా శాఖకు పెద్ద అప్పు మంజూరైందని సంబరంగా చెప్పాను.

"మంచిదే. కట్టేదెవరు బిడ్డా?" అన్నాడు.

"గవర్నమెంటు నాన్నా."

"గవర్నమెంటుకు దుకాణమున్నదా?"

నేను నవ్వి ఇంకో ముద్ద కలుపుకున్నాను. అప్పు తెచ్చి చేసిన మంచి పనులు నేనూ చూశాను. దూరం నుంచి పెద్ద పైపు లైను వేసి ఫ్యాక్టరీల మధ్య ఊళ్ళకు మంచినీళ్ళు తెచ్చింది అప్పు డబ్బుతోనే. ఇక్కడ బోర్లలో వచ్చే నీళ్ళ రంగు చూసినవాళ్ళెవరూ ఆ అప్పును తప్పుపట్టరు. నాకు కోపం వచ్చేది ఉన్నదాన్ని పాడుబెట్టి, దాని పక్కనే అప్పుతో ఇంకొకటి కట్టినప్పుడు.

ట్యాంకుల ఊరు

ఇక అసలు కథ. ఊరి పేరు రాయను. పటాన్‌చెరు దాటాక ఫ్యాక్టరీల వెనక ఉంటుంది, మా ఆఫీసులో అందరం "ట్యాంకుల ఊరు" అనే పిలిచేవాళ్ళం. ఆ ఊళ్ళో మూడు ఓవర్‌హెడ్ ట్యాంకులు ఉన్నాయి. ఒక్కో ట్యాంకు ఒక్కో సర్పంచ్ హయాంలో కట్టింది. మూడు ట్యాంకులూ నిండేవి. ఊరి చివర కొత్త కాలనీలో మాత్రం నల్లా తిప్పితే గాలి వచ్చేది.

ఆ కాలనీలో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే ఉంటారు. కిరాయి గదుల్లో బిహార్, ఒడిశా కుర్రాళ్ళు, సొంతిళ్ళల్లో ఇక్కడివాళ్ళు. అందులో లక్ష్మమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త లేడు. ఒక మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కాంట్రాక్టు పని. పొద్దున నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ, షిఫ్టు బస్సు వచ్చే వేళ ఒకటే. నీళ్ళు పట్టుకుంటే బస్సు పోతుంది, బస్సెక్కితే ఇంట్లో చుక్క నీళ్ళుండవు. నేను జీపు దిగగానే కొంగు నడుముకు చెక్కుకుని నా మీదికి వచ్చింది.

"మేడం, మీరు గీ ట్యాంకులు సూసి పోయుడేనా? ఇంకొక్కసారి లేటైతే గేటు పాసు గుంజుకుంటమన్నడు మా కాంట్రాక్టరు. నా పని పోతే మీరు వెట్టిస్తరా?"

"సర్పంచ్ కొత్త ట్యాంకు అడిగాడు కదమ్మా" అన్నాను.

"మూడు ట్యాంకులతోని రాని నీళ్ళు నాలుగోదానితోని వస్తయా? నాకైతే సమజ్ కాదు" అంది లక్ష్మమ్మ.

నాకూ అర్థం కాలేదు. కానీ నాలుగో ట్యాంకు దాదాపు ఖాయమైపోయింది. అప్పుడు సర్పంచ్ నర్సింలు. యాభై ఏళ్ళుంటాయి, పెద్ద గొంతు, మంచి మనసు, విపరీతమైన రోషం. మూడో ట్యాంకు కట్టించిన మల్లేశం మీద గెలిచాడు, నాలుగో ట్యాంకు కట్టిస్తానని మాటిచ్చి గెలిచాడు. సరిగ్గా అప్పుడే మా శాఖకు ఒక పెద్ద అప్పు వచ్చి పడింది. మార్చిలోపు ఖర్చు చేయాలని పైనుంచి ఒత్తిడి. ఊరు గ్రామసభ పెట్టి తీర్మానం చేస్తే చాలు, ట్యాంకు వస్తుంది. అసలులో ఎక్కువ భాగం ప్రభుత్వం కడుతుంది, ఊరి వాటా ఊరు కట్టాలి. ఆ వాటా కింద, ఊరికి ఫ్యాక్టరీల నుంచి వచ్చే పన్నులో సగం చేతికి అందకముందే కోసేస్తారు. పదిహేనేళ్ళ పాటు. ఆ పన్నుతోనే వీధిదీపాలు, ఆ పన్నుతోనే చెత్త ట్రాక్టరు, ఆ పన్నుతోనే ఊడ్చేవాళ్ళ జీతాలు.

"నర్సింలు, అంత కోసుకుంటే ఊరెట్ల నడుపుతవు?" అని అడిగాను.

"గది తర్వాత సంగతి మేడం. ముందు ట్యాంకు లేవాలె. మాటిచ్చిన."

మా జిల్లా పెద్ద ఇంజనీరు, ఎస్‌ఈ గారు, రోజూ ఫోన్. "ఏమ్మా అనసూయా, తీర్మానం ఏది? జిల్లా మొత్తంలో నీ మండలం ఒక్కటే ఎర్రగున్నది." గ్రామసభకు వారం టైముంది. తీర్మానం అయిపోతే ఊరు పదిహేనేళ్ళు ఇరుక్కుంటుంది, లక్ష్మమ్మ నల్లాలో గాలే వస్తుంది. నాకు ఒళ్ళు మండింది. యాదగిరి సార్ అప్పటికి లేరు, ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. పాత లైను పట్టుకుని నడవడం మొదలుపెట్టాను.

రాయి కింద

మూడో ట్యాంకు దగ్గర నల్లా తిప్పితే నీళ్ళు ముఖాన కొట్టాయి. మసీదు మూల మీద కూడా జోరుగానే ఉన్నాయి. చాయ్ హోటల్ దగ్గర బకెట్టు గబగబా నిండింది. అక్కడి నుంచి లైను కాలనీ వైపు మలుపు తిరుగుతుంది. మలుపు అవతల మొదటి ఇంట్లోనే చుక్క లేదు. అంటే మధ్యలో ఎక్కడో వాల్వు మూసుకుపోయి ఉండాలి. లైను చీలే చోట వాల్వు లేకుండా ఎవరూ పైపు వేయరు. కానీ అక్కడంతా నున్నటి సీసీ రోడ్డు. వాల్వు గుంత మూత ఎక్కడా కనిపించదు.

మీరు ఈ బెల్టులో పనిచేస్తే ఇది రోజూ చూస్తారు. మార్చి నెలలో రోడ్డు డబ్బు వస్తుంది, కాంట్రాక్టరు ఉరుకులు పరుగుల మీద కాంక్రీటు పోస్తాడు, మూతలన్నీ దాని కింద సమాధి. తర్వాత నీళ్ళు రావు. నీళ్ళు రాలేదని కొత్త ట్యాంకు కడతారు. ఆ ట్యాంకును మళ్ళీ అదే మూసుకుపోయిన పైపుకు కలుపుతారు. ఒక ఖర్చును ఇంకో ఖర్చు పెంచి పోషించడం నేను కళ్ళారా చూశాను.

మలుపు దగ్గర నిలబడి చూస్తే ఎదురుగా ఒక శిలాఫలకం. నల్లరాయి మీద బంగారు అక్షరాలు. మూడో ట్యాంకుది. పైన మంత్రి పేరు, కింద మల్లేశం పేరు, అట్టడుగున "అంచనా వ్యయం". ట్యాంకు ఎక్కడో ఊరి ఆ చివర ఉంటే దాని రాయి ఇక్కడెందుకు?

"అందరికి కనవడాలె అని ఈడ వెట్టిన్రు" అన్నాడు నేను లైను వెంట నడుస్తున్నానని తెలిసి వెనకే వచ్చిన నర్సింలు. "కింద గద్దె గూడ ముందుగాల్నే ఉండె. పైసలు మిగుల్తయని కాంట్రాక్టరు దానిమీదనే నిలవెట్టిండు."

"గద్దె ఎవరు కట్టారు?"

"నాకేం ఎరుక మేడం. ఎప్పటిసందో ఉన్నది."

కింద కూర్చుని గద్దెను చేత్తో తుడిచాను. నాలుగు మూలలా ఇనుప ఫ్రేము అంచు కనిపించింది. అది గద్దె కాదు. మేం కట్టిన వాల్వు గుంత. దాని మూత మీద మంత్రిగారి పేరు నిలబెట్టారు. నేను రోడ్డు మీదే పకపకా నవ్వాను. చాయ్ హోటల్ ముందున్న వాళ్ళందరూ నాకేదో అయిందనుకున్నారు.

కావలసింది ట్యాంకు కాదు

మీకు చెప్పిన రెండో సగం విద్య ఇక్కడే నేర్చుకున్నాను. రాయి తీసి, గుంత తెరిచి, తుప్పుపట్టిన వాల్వు మార్చితే నీళ్ళు వెళతాయి. ఖర్చు లక్ష కూడా కాదు. ఇదంతా చెబితే నర్సింలు సంతోషిస్తాడనుకున్నాను. ముఖం మాడ్చుకున్నాడు.

"వాల్వు మార్చుడు గూడ ఒక పనేనా మేడం? దానికి ఓపెనింగ్ ఉంటదా? రిబ్బను ఉంటదా? మల్లేశం పేరు ఊరి నడుమ ఉండాలె, నా పేరు ఎక్కడుండాలె?"

నాకు ఆ మాటకు కోపం రాలేదు, కళ్ళు తెరుచుకున్నాయి. ఇన్నేళ్ళూ నాయకులకు డబ్బు పిచ్చి అనుకునేదాన్ని. చాలామందికి అది కాదు. వాళ్ళకు ఒక రోజు కావాలి. మైకు, పూలదండ, తెర, తెర వెనక తమ పేరు. కొత్తది కడితే ఆ రోజు దొరుకుతుంది, పాతదాన్ని బాగుచేస్తే దొరకదు. మరమ్మతుకు ప్రారంభోత్సవం లేకపోవడం వల్ల ఈ దేశం ఎంత అప్పు చేసిందో టీవీలో కోటువాళ్ళెవరూ చెప్పరు.

"నర్సింలు, నీకు ప్రారంభోత్సవం నేను పెట్టిస్త" అన్నాను. "రిబ్బను కోసుడు అందరూ చేస్తరు. నువ్వు వాల్వు చక్రం తిప్పు. నువ్వు తిప్పితే ఊరి చివర నీళ్ళు రావాలె. గ్రామసభ రోజే, సభ ముంగటనే."

కొంచెం సేపు మీసం దువ్వుకున్నాడు. "శిలాఫలకం?"

"ఉంటది."

"తెర?"

"మఖమల్ గుడ్డ. నీకు నచ్చిన రంగు."

ఇక మల్లేశం మిగిలాడు. తన రాయి కదిలిస్తున్నారని తెలిసి, తెల్లచొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా వచ్చాడు. "నా పేరు తీసేస్తరా? మంత్రిగారి పేరున్నదాని మీద చెయ్యివేస్తరా? సస్పెండ్ చేయిస్త మేడం!" నేను చాయ్ చెప్పించాను. "తీసేయడం కాదు మల్లేశం గారూ. మీ ట్యాంకు అక్కడ, మీ రాయి ఇక్కడ. రెండూ విడిపోయి ఉండడం ఏం మర్యాద? పూలు కట్టి, డప్పులతో ఊరేగించి, మీ ట్యాంకు ముందర నిలబెడతాం. కొబ్బరికాయ ఎవరు కొట్టాలో మీరే చెప్పండి." చాయ్ సగం తాగాక "నేనే కొడ్త" అన్నాడు. కొట్టాడు కూడా, ఒక్క దెబ్బకు పగిలింది, ఈలలు వేశారు.

రాయి వెళ్ళిపోయింది, గుంత తెరిచాం. వాల్వు లోపలి పలక తుప్పుపట్టి కిందికి దిగిపోయి ఉంది. కొత్తది బిగించాం. ఏ ఇంజనీరైనా అప్పుడు ఏం చేస్తుంది? తిప్పి చూస్తుంది. నర్సింలు చక్రం మీద రెండు చేతులూ వేసి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను తిప్పకముందే నీళ్ళొస్తే నేను తిప్పేదేంది మేడం?"

"అవతల లైను ఎట్లుందో చూడాలె కదయ్యా! పగిలి ఉంటే?"

"పగలదు. నాకు నమ్మకమున్నది."

ఆయనకు నమ్మకం, నాకు లేదు. అంతలో శిలాఫలకం చెక్కేవాడి దగ్గర నుంచి ఫోను. "అంచనా వ్యయం" దగ్గర ఎంత వేయాలని. నర్సింలు చేయి చక్రం మీద నుంచి జారిపోయింది.

"మల్లేశం దానిమీద కోటి ముప్పై లక్షలున్నది. నా దానిమీద తొంబై వేలా? ఇజ్జత్ పోతది మేడం. ఊరంతా నవ్వుతది."

"మనం తెద్దామనుకున్న అప్పు ఎంత?"

"రెండు కోట్ల నలభై లక్షలు."

"అదే వేయించు. 'అంచనా వ్యయం' తీసేసి, 'ఊరికి తప్పిన అప్పు' అని వేయించు. కింద నీ పేరు."

నర్సింలు పెదవులు కదుపుతూ లోపల ఏదో లెక్క చూసుకున్నాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "మల్లేశం దానికంటే పెద్దగనే ఉన్నది."

"దాదాపు రెట్టింపు" అన్నాను.

చక్రం తిప్పిన రోజు

చక్కగా రాసేస్తున్నాను గానీ ఆ పొద్దున నా పరిస్థితి ఆ దేవుడికే తెలియాలి. గ్రామసభ ఇంకా ఏమీ నిర్ణయించలేదు. తెర వెనక రాయి మీద మాత్రం అప్పు తప్పిపోయిందని అప్పుడే చెక్కేసి ఉంది. నీళ్ళు రాకపోతే నర్సింలు ఊళ్ళో తలెత్తుకోలేడు, నేను ఎస్‌ఈ గారి ముందు నిలబడలేను, తీర్మానం అదే కుర్చీల్లో అయిపోతుంది. చాయ్ హోటల్ ముందు షామియానా, డప్పులు, కాలనీ జనం సగం, ఊరి జనం సగం. మల్లేశం ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, ఏదో ఒకటి జరగాలని చూస్తున్నాడు.

కాలనీ చివరి ఇల్లు లక్ష్మమ్మది. ఆ రోజు ఆమెకు వారపు సెలవు. ఫోను స్పీకర్‌లో పెట్టి మైకు ముందు పట్టుకున్నాను. నర్సింలు దండ వేసుకుని చక్రం తిప్పాడు. డప్పులు మోగి ఆగాయి.

"లక్ష్మమ్మా, నల్లా తిప్పినవా?"

"తిప్పిన మేడం."

"నీళ్ళొచ్చినయా?"

"రాలే."

మల్లేశం కాలు దించి ముందుకు వంగాడు. నర్సింలు చక్రాన్ని ఇంకో మారు, ఇంకో మారు తిప్పాడు, అది పూర్తిగా తెరుచుకుని ఇక తిరగడం లేదు. చెమటతో దండలో పూలు మెడకు అంటుకున్నాయి.

"లక్ష్మమ్మా?"

"ఏదో సుయ్యి సుయ్యిమని గాలొస్తున్నది మేడం." తర్వాత ఒక దగ్గు లాంటి చప్పుడు మైకులో అందరికీ వినిపించింది. "అయ్యో! ఎర్రగ ఏదో పడుతున్నది! నా చీరె మీద వడ్డది! ఇవేం నీళ్ళు మేడం, చాయ్ నీళ్ళ లెక్కున్నయ్!"

జనం గొల్లున నవ్వారు. "అది తుప్పు లక్ష్మమ్మా, పోనియ్యి, పోనియ్యి!" అని నేను మైకులో అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంతలో ఫోన్లో లక్ష్మమ్మ మాట కంటే ముందు పక్క గదుల్లోని కుర్రాళ్ళ కేకలు వినిపించాయి. "పానీ ఆయా! అరే పానీ ఆ గయా!" ఆ వెనక లక్ష్మమ్మ: "తెల్లగొచ్చినయ్ మేడం! బిందె నిండింది! ఇగో, పొర్లిపోతున్నది!"

డప్పులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టారు. నర్సింలు నన్ను పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఆనందంతో ఏడ్చాను. తెర తీశారు. బంగారు అక్షరాల్లో "ఊరికి తప్పిన అప్పు: రెండు కోట్ల నలభై లక్షల రూపాయలు" అని చూసి ఒక ముసలాయన గట్టిగా చదివాడు, జనం చప్పట్లు కొట్టారు. తర్వాత గ్రామసభ మొదలైంది. నాలుగో ట్యాంకుకు అప్పు తెద్దామా అని కార్యదర్శి అడిగితే ఒక్క చేయి లేవలేదు. మల్లేశం చేయి కూడా లేవలేదు.

ఎర్రరంగు

మరుసటి రివ్యూలో నన్ను నిలబెట్టారు. నా మండలం నిప్పులాగా ఎర్రగా ఉంది. "ఖర్చు ఇంత తక్కువేందమ్మా?" అన్నారు ఎస్‌ఈ గారు. "నీళ్ళు వచ్చాయి సార్" అన్నాను. "నేనడిగింది ఖర్చు." "నేను చెప్పేది నీళ్ళు సార్." నేను మామూలుగా అంత తెగువగా మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం రాణీలా నిలబడ్డాను. నిలబడ్డంతసేపు లక్ష్మమ్మ బిందె చప్పుడే చెవిలో ఉంది.

తర్వాత ఏమైందో వినండి. ఒకరి తర్వాత ఒకరు చుట్టుపక్కల సర్పంచ్‌లు మా ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. కర్దనూరు వైపు నుంచి, అమీన్‌పూర్ వైపు నుంచి. "మేడం, మాకు గూడ ఒక చక్రం తిప్పుడు వెట్టియ్యుండ్రి. రాయి మీద సంఖ్య జెర పెద్దగ రావాలె." పాత ట్యాంకులు కడిగించాం, పగిలిన లైన్లు అతికించాం, కాంక్రీటు కింద మూతలు వెతికి పైకి తీశాం. ప్రతిదానికీ డప్పులు, ప్రతిదానికీ తెర. మరమ్మతుకు ఇంత పండగేంటని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. చేసుకోనిచ్చాను. పండగ ఖర్చు షామియానా కిరాయి, అప్పు ఖర్చు పదిహేనేళ్ళు.

అన్నీ గెలవలేదు. ఒక ఊళ్ళో నేను వెళ్ళేసరికే తీర్మానం అయిపోయింది, ట్యాంకు లేచింది. ఇప్పటికీ ఆ ఊరి చెత్త ట్రాక్టరు డీజిల్ లేక నెలలో సగం రోజులు నిలబడే ఉంటుంది. అటు వైపు బస్సులో వెళితే నేను కిటికీ వైపు చూడను. అందుకే మీకు చెబుతున్నాను, తొందరగా వెళ్ళండి, కాగితం రాకముందే వెళ్ళండి. నాయకుడి మీద కోప్పడకండి, ఆయనకు ఏ రోజు కావాలో అడగండి, దాన్ని తక్కువలో ఇవ్వండి.

మొన్న ట్యాంకుల ఊరికి పోయి వచ్చాను. లక్ష్మమ్మ కాలనీలో చాయ్ పోసింది. ఆమె ఉద్యోగం నిలిచింది, ఇప్పుడు క్యాంటీన్‌లో పదిమందికి పని చెబుతోంది, గొంతు మాత్రం తగ్గలేదు. మలుపు దాకా నన్ను లాక్కెళ్ళింది. నర్సింలు శిలాఫలకం పక్కనే దానికంటే జానెడు ఎత్తైన ఇంకో రాయి నిలబడి ఉంది.

"ఇదెవరిది?"

"మల్లేశం సార్‌ది. మొన్న మళ్ళ గెలిసిండు గద. ఫంక్షన్ హాలుకు అప్పు ఇస్తమన్నరంట, వద్దన్నడంట. ఎవలు ఎక్కువ అప్పు తప్పించిన్రో అని ఇద్దరికి ఒకటే లొల్లి మేడం."

వంగి చదివాను. "ఊరికి తప్పిన అప్పు: మూడు కోట్ల రూపాయలు." అంత అప్పు ఇస్తామని ఎవరూ అననే లేదని, మల్లేశం సంఖ్య పెంచి చెక్కించాడని నర్సింలు చాయ్ హోటల్‌లో ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. పెంచుకోనీ. ఇద్దరు సర్పంచ్‌లు నేను అప్పు తేలేదంటే నేను తేలేదని రాళ్ళు నిలబెట్టి కొట్లాడుకునే ఊరు ఈ దేశంలో ఇంకోటి ఉందేమో నాకు తెలియదు. ఉంటే చెప్పండి, పొద్దున మొదటి బస్సుకే వస్తాను.